350 జీఎస్ఎం కార్డు మీద ముందూ వెనకా కలవడం లేదు, సెట్టింగ్ మార్చి మార్చి విసుగొచ్చింది

ఇంకుచుక్క · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం రెండు నుంచి ఒకే జాబ్‌తో కుస్తీ పడుతున్నాను. డ్రై టోనర్ (పొడి ఇంకు) డిజిటల్ ప్రెస్, 350 జీఎస్ఎం (చదరపు మీటరుకు 350 గ్రాములు) మ్యాట్ ఆర్ట్ కార్డు, 12×18 అంగుళాల షీటు. షీటుకు 20 విజిటింగ్ కార్డులు, మొత్తం 4,000. రెండు వైపులా అంచు నుంచి 2 మి.మీ. లోపల సన్న గీత బోర్డర్ ఉంది. నా ప్రాణం తీస్తున్నది ఆ గీతే.

ఆటో డ్యూప్లెక్స్‌లోనే (మెషీనే షీటు తిప్పి రెండో వైపు వేసే పద్ధతి) కొడుతున్నాను. ముందు వైపు బోర్డర్ చూసి కట్ చేస్తే వెనక వైపు ఒక పక్క ఖాళీ ఎక్కువ, ఒక పక్క తక్కువ. అలైన్‌మెంట్‌లోకి వెళ్లి వెనక పేజీని 0.5 మి.మీ. జరిపాను, కలిసింది. హమ్మయ్య అనుకుని 50 షీట్లు వదిలాను. మధ్యలోంచి ఒకటి తీసి చూస్తే మళ్లీ తేడా, ఈసారి ఇంకా ఎక్కువ. మళ్లీ జరిపాను. ఒక షీటు బాగుంటుంది, ఇంకోటి బాగుండదు. ఇప్పటికి 11 సార్లు జరిపాను, లెక్కపెట్టాను కూడా. ఇదే మెషీన్‌లో 170 జీఎస్ఎం మీద ఏ గొడవా లేదు. బరువు కార్డుకు ప్రత్యేకంగా ఏదైనా సెట్టింగ్ ఉందా? బుధవారం సాయంత్రం డెలివరీ, టెన్షన్‌గా ఉంది.

పాతగ్రిప్పర్ · సోమవారం రాత్రి 9:31

ముందు ఆ సెట్టింగ్ మీంచి చెయ్యి తియ్యి తమ్ముడూ.

ఒక్క షీటు చూసి జరిపితే ఆ ఒక్క షీటుకే జరిపినట్టు. అది కలిసిందంటే నువ్వు గెలిచావని కాదు, ఆ షీటు అక్కడ పడిందని. ముందు తేలాల్సింది ఒక్కటే: తేడా అన్ని షీట్ల మీదా ఒకేలా ఉందా, షీటుకో రకంగా తిరుగుతోందా? ఒకేలా ఉంటే సెట్టింగ్‌తో పోతుంది. తిరుగుతుంటే నువ్వు 111 సార్లు జరిపినా పోదు, రోగం కాగితంలోనో రోలర్లలోనో ఉంటుంది.

నాలుగు మూలలా అంచుకు 10 మి.మీ. లోపల సన్న క్రాస్ మార్కులు పెట్టు, రెండు వైపులా. వెనక వైపు ఏమీ జరపకుండా సున్నాకు తీసుకురా. మెషీన్ వేడెక్కేదాకా వచ్చిన మొదటి నాలుగైదు షీట్లు పారెయ్యి. తర్వాత 20 షీట్లు ఏమీ ముట్టుకోకుండా వరసగా తియ్యి. వచ్చిన వరసలోనే పెన్సిల్‌తో 1 నుంచి 20 దాకా నంబర్లు వేసి, ఏ అంచు ముందు వెళ్లిందో బాణం గుర్తు పెట్టు. అవన్నీ కొలిచాక మాట్లాడదాం.

రాత్రిషిఫ్టు · సోమవారం రాత్రి 9:44

అంత అవసరం లేదు బ్రో. ట్రేలో 350 బదులు 220 అని పెట్టు. స్పీడుగా వెళ్తుంది, వేడి తక్కువ తగులుతుంది, కాగితం తక్కువ ముడుచుకుంటుంది. నేను చాలాసార్లు అలాగే నడిపాను.

సర్వీసుబ్యాగు · సోమవారం రాత్రి 10:05

రాత్రిషిఫ్టు గారూ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. ట్రేలో పెట్టే జీఎస్ఎం ఒక పేరు మాత్రమే కాదు. ఫ్యూజర్ (టోనర్‌ను కరిగించి కాగితానికి అతికించే భాగం) వేడి, షీటు వేగం, టోనర్‌ను కాగితం మీదకు లాగే వోల్టేజి, అన్నీ దాన్ని బట్టే మారతాయి. 350 కార్డును 220 అని నమ్మిస్తే టోనర్ సరిగ్గా కరగదు. ప్రింట్ వచ్చినప్పుడు బాగానే కనిపిస్తుంది, క్రీజు (మడత గీత) వేసినచోటో కత్తి దిగిన అంచునో పొట్టు రాలుతుంది. పైగా అలైన్‌మెంట్ ప్రొఫైల్ కూడా చాలా మెషీన్లలో కాగితం రకానికీ ట్రేకూ కలిపి దాచి ఉంటుంది. 220 ప్రొఫైల్‌తో నడిపితే ఆ షీటుకు వేరే కాగితం లెక్క వర్తిస్తుంది.

ఇంకుచుక్క గారూ, పాతగ్రిప్పర్ గారు చెప్పిన 20 షీట్ల పరీక్ష చెయ్యండి. నేను సర్వీసుకు వెళ్లినా మొదట చేసేది అదే.

గీతలమ్మాయి · సోమవారం రాత్రి 10:20

నేను డిజైన్ వైపు మనిషిని. 2 మి.మీ. దగ్గర బోర్డర్ పెట్టిన వాళ్లెవరో కానీ, వాళ్ల తరఫున సారీ 🙂

లెక్క చూడండి. 2 మి.మీ. బోర్డర్ అర మిల్లీమీటరు జరిగితే ఒక పక్క 1.5, ఎదురు పక్క 2.5. ఒకటి ఇంకోదానికి ఒకటిన్నర రెట్ల పైనే, చిన్నపిల్లాడికైనా కనిపిస్తుంది. అదే బోర్డర్ 5 మి.మీ. లోపల ఉంటే 4.5, 5.5. కన్ను పట్టుకోదు. తప్పు అంతే ఉంది, కనిపించడమే మారింది. వీలైతే కస్టమర్‌ని అడిగి లోపలికి జరపండి.

ఇంకుచుక్క · సోమవారం రాత్రి 10:26

అడిగానండీ. "స్క్రీన్ మీద బాగానే ఉంది కదా" అన్నారు.

పరీక్ష షీట్లు తీశాను. ఒక చిక్కు. 170 అయితే లైటుకు పెట్టి చూసేవాణ్ని. ఈ కార్డులోంచి వెలుతురే రావట్లేదు. రెండు వైపుల క్రాసుల్నీ ఎలా పోల్చాలి? అంచు నుంచి స్కేలుతో కొలిస్తే చాలా?

కత్తెరబాబాయ్ · సోమవారం రాత్రి 10:38

అంచు నుంచి కొలవద్దు, అంచే తప్పు కావచ్చు.

సూది తీసుకో. కుట్టుకునే సన్న సూది. కింద పాత క్యాలెండరో నాలుగైదు మెత్తటి కాగితాలో పరిచి, దాని మీద షీటు పెట్టు. ముందు వైపు క్రాసు గీతలు కలిసేచోట సూది నిటారుగా గుచ్చు. వాలితే కొలత పోతుంది. షీటు తిప్పు. వెనక క్రాసుకు రంధ్రం ఎంత దూరంలో ఉందో భూతద్దంతో, అర మిల్లీమీటరు గీతలున్న స్కేలు పెట్టి చూడు. నాలుగు మూలలా చెయ్యి. ఒక షీటుకు రెండు నిమిషాలు పడుతుంది.

ఇంకుచుక్క · మంగళవారం అర్ధరాత్రి 12:50

20 షీట్లు, 80 రంధ్రాలు. కళ్లు లాగుతున్నాయి కానీ విషయం దొరికినట్టే ఉంది.

పక్కకు (అంకెలన్నీ మి.మీ.): అన్ని షీట్లలో వెనక పేజీ సుమారు 0.3 కుడికి. 1వ షీటూ అంతే, 20వ షీటూ అంతే. రెండు అంచుల మధ్య తేడా 0.1 కూడా లేదు.

షీటు నడిచే దిశలో: 1 నుంచి 11 దాకా షీటు మధ్యకు లెక్కేస్తే సుమారు 0.4 పైకి. 12వ షీటు నుంచి ఒక్కసారిగా 1.3. మెల్లగా పెరగలేదు, గెంతింది. 20 దాకా అక్కడే ఉంది.

ఇంకోటి. ఒకే షీటులో కూడా ముందు అంచు దగ్గరి తేడా, వెనక అంచు దగ్గరి తేడా ఒకటి కాదు. రెంటికీ మధ్య దాదాపు 0.7. ఇది మాత్రం 20 షీట్లలోనూ ఉంది.

ఇవి కాక షీటుకీ షీటుకీ ఒక 0.2 అటూ ఇటూ.

పాతగ్రిప్పర్ · మంగళవారం ఉదయం 6:15

శభాష్. ఇప్పటిదాకా నువ్వు ఒక తప్పు అనుకున్నది నిజానికి నాలుగు. పక్కకు 0.3 అన్నది స్థిరం, ఒక్క అంకె మారిస్తే పోతుంది, దాన్ని మర్చిపో. 0.2 అటూ ఇటూ అన్నది మెషీన్ సహజ గుణం, దానితో బతకాలి. 0.7 సంగతి సర్వీసుబ్యాగు గారు చెప్తారు, అది వేడి వ్యవహారం.

12వ షీటు దగ్గర గెంతు ఉంది చూడు, నిన్ను 11 సార్లు ఆడించింది అదే. ట్రేలో రెండు కట్టలు కలిపి పెట్టావా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లతో అచ్చు వేసే పద్ధతి) షీటు తిప్పడానికి రెండు పద్ధతులుంటాయి. ఒకదానిలో రెండు వైపులకూ గ్రిప్పర్ అంచు (మెషీన్ ముందుగా పట్టుకునే అంచు) అదే ఉంటుంది, పక్క అంచు మారుతుంది. ఇంకోదానిలో తలకిందులుగా తిప్పుతాం, గ్రిప్పర్ అంచే మారిపోతుంది. ఈ రెండోదానికి కాగితం నాలుగు వైపులా కచ్చితంగా కట్ అయి ఉండకపోతే పాత మెషీన్‌మెన్ ఒప్పుకునేవాళ్లు కాదు. నీ డిజిటల్ మెషీన్ ఆటో డ్యూప్లెక్స్‌లో చేసేది అచ్చంగా రెండోదే. ముందు పేజీకి ఏ అంచు ముందు వెళ్లిందో, వెనక పేజీకి అది వెనక్కు పోయి, ఎదుటి అంచు ముందుకు వస్తుంది. ముందు బొమ్మ ఒక అంచు నుంచి కొలుచుకుని పడింది, వెనక బొమ్మ ఎదుటి అంచు నుంచి కొలుచుకుని పడింది. షీటు పొడవు 0.9 తగ్గితే బొమ్మలు రెండూ ఒకదానికొకటి 0.9 జరుగుతాయి. 1.3 లోంచి 0.4 తీసెయ్, ఎంత?

ఇంకుచుక్క · మంగళవారం ఉదయం 8:40

అన్నా, అంతే. రెండు కట్టలు.

ఇప్పుడే రెండింట్లోంచీ చెరో పిడికెడు తీసి, తట్టి, బల్ల మీద 12 అంగుళాల వైపు కిందకు ఉండేలా పక్కపక్కనే నిలబెట్టాను. కంటికి పెద్దగా ఏమీ కనిపించలేదు. పైన గోరు పెట్టి ఒక కట్ట మీంచి రెండో కట్ట మీదకు లాగితే టక్కుమని మెట్టు తగిలింది. స్టీలు స్కేలుతో చూస్తే ఒకటి 457 మి.మీ., ఇంకోటి 456 మీద వెంట్రుకవాసి. రెండూ ఒకే చోట, ఒకే రోజు కొన్న కట్ చేసిన షీట్లు. ప్యాకెట్ మీద రెంటికీ 12×18 అనే ఉంది.

మరి 170 మీద ఎందుకు రాలేదు ఈ గొడవ?

కత్తెరబాబాయ్ · మంగళవారం ఉదయం 9:05

170 ఏ సైజు షీటు నుంచి వచ్చిందో, ఎవరు కట్ చేశారో. దాని మీద 2 మి.మీ. బోర్డర్ ఎప్పుడైనా వేశావా? వెయ్యకపోతే ఉన్నా కనిపించి ఉండదు.

ఇది ఎలా జరుగుతుందో చెప్తాను, నేను చేసిన పాపమే కాబట్టి తెలుసు. 25×36 అంగుళాల పెద్ద షీటు తీసుకుంటారు. 25 లోంచి రెండు పన్నెండ్లు పోగా ఒక అంగుళం మిగులుతుంది కాబట్టి అటు అంచులు శుభ్రంగా తీస్తారు, కొలత కుదురుతుంది. అందుకే నీకు పక్కకు గెంతు లేదు. 36 ని మాత్రం సరిగ్గా సగానికి కొడతారు, 18, 18. అక్కడ వృథా చేయడానికి ఏమీ లేదు. గేజ్ (కట్ట వెనక ఆనుకునే అడ్డు) 457 మి.మీ. మీద పెట్టి కత్తి దింపితే గేజ్ వైపు సగం 457 వస్తుంది. కత్తికి ఇవతల మిగిలిన సగం? అది ఎంత ఉంటే అంత. మిల్లు నుంచి వచ్చిన పెద్ద షీటు 914 బదులు 913 ఉంటే ఆ ఒక్క మిల్లీమీటరు నష్టమూ రెండో సగమే భరిస్తుంది. రెండూ రెండు కట్టలుగా కట్టి, ఒకే పేరు రాసి అమ్ముతారు.

మందు చిన్నది. రెండు కట్టల్నీ ట్రిమ్ చేసి ఒకే కొలతకు తీసుకురా. కానీ 1 మి.మీ. ముక్క తీస్తానని కూర్చోకు. అంత సన్న పీలిక తీసేటప్పుడు ఒక పక్క ఆసరా లేక కత్తి బయటకు జారుతుంది, పై షీటుకూ కింది షీటుకూ తేడా వస్తుంది. కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్లు పోనియ్. 452×300 మి.మీ. చెయ్యి, నీ 20 కార్డులు పడతాయా చూసుకో. లిఫ్టు (ఒకసారికి కత్తి కింద పెట్టే కట్ట) చిన్నదిగా పెట్టు, మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తు చాలు. రెండు కట్టలకూ మధ్యలో గేజ్ కదపొద్దు.

కట్ చేశాక ఒక షీటు తీసి బోర్లించి, దాని కింది షీటు మీద పెట్టు. ఒక అంచు కలిపి పక్క అంచు చూడు. మూల సరైన లంబంగా లేకపోతే తేడా రెట్టింపై కనిపిస్తుంది. స్కేలూ మూలమట్టం కన్నా ఇది నయం.

ఆఖరి మాట, కట్ట పక్కన పెన్సిల్‌తో ఒక ఏటవాలు గీత గీసెయ్. ట్రేలో పెట్టేటప్పుడు ఎవరైనా కొన్ని షీట్లు తిప్పి పెడితే గీత విరుగుతుంది, వెంటనే తెలిసిపోతుంది.

కొత్తచెయ్యి · మంగళవారం ఉదయం 9:30

చదువుతుంటే భలే ఉంది. ఒక అనుమానం. వేడికి కాగితం ముడుచుకుంటుంది అంటున్నారు. రాత్రంతా ఉంచితే గాలిలో తేమ పీల్చుకుని మళ్లీ పెరుగుతుంది కదా? అప్పుడు ఆ 0.7 దానంతట అదే పోదా?

సర్వీసుబ్యాగు · మంగళవారం ఉదయం 10:10

మంచి ప్రశ్న. పోదు.

ముందు పేజీ పడినప్పుడు కాగితం నిండు కొలతలో ఉంటుంది. ఫ్యూజర్‌లోంచి వెళ్లగానే తేమ ఆవిరై కాగితం ముడుచుకుంటుంది, దాంతోపాటు ముందు బొమ్మ కూడా. ఇప్పుడు ఆ చిన్నబోయిన కాగితం మీద వెనక బొమ్మ నిండు కొలతతో పడుతుంది. అంటే వెనక బొమ్మ ముందుదాని కన్నా పెద్దది. రేపు కాగితం మళ్లీ పెరిగినా రెండు బొమ్మలూ ఒకే కాగితం మీద ఉన్నాయి కాబట్టి కలిసే పెరుగుతాయి, మధ్య తేడా అలాగే ఉంటుంది.

ఇంకుచుక్క గారి లెక్కలో మార్కుల మధ్య దూరం సుమారు 437 మి.మీ., తేడా 0.7 లోపు. 0.15 శాతం అన్నమాట. వెనక పేజీని నడిచే దిశలో 99.85 శాతానికి తగ్గించండి. మెషీన్‌లో మాగ్నిఫికేషన్ అనో జూమ్ అనో స్కేల్ అనో ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. అది చేశాకే జరిపే అంకెలు సరిచెయ్యండి. ముందు జరిపి తర్వాత సైజు మారిస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

కొత్తచెయ్యి గారి ప్రశ్నలోంచే ఇంకో జాగ్రత్త. ముందు పేజీలన్నీ ఈ రోజు కొట్టి, వెనక పేజీలు రేపు కొడదాం అనుకుంటే ఈ 99.85 పనిచెయ్యదు. రాత్రికి కాగితం కొంత తేమ తిరిగి తీసుకుంటుంది, ముడుత తగ్గుతుంది. ఆటో డ్యూప్లెక్స్ ప్రొఫైల్ వేరు, విడిగా తిప్పి కొట్టే ప్రొఫైల్ వేరు. రెండూ వేరే పేర్లతో దాచుకోండి.

ఇంకో విషయం నాకు ఆసక్తిగా అనిపించింది. నిలువున 0.7 ముడుచుకుంది, అడ్డంగా 0.1 కూడా లేదు. కాగితం పీచు వెంట తక్కువ, పీచుకు అడ్డంగా ఎక్కువ ముడుచుకుంటుంది. కాబట్టి మీ షీటులో గ్రెయిన్ (పీచు దిశ) 12 అంగుళాల వైపు ఉంది. షీటును రెండు వైపులా మెల్లగా వంచి చూడండి, గ్రెయిన్ వెంట సులువుగా వంగుతుంది. మీకు ఇది కలిసొచ్చే విషయం. గ్రెయిన్ రోలర్లకు సమాంతరంగా ఉంటే ఇంత మందం కార్డు కూడా మలుపుల్లో తేలిగ్గా వంగుతుంది. తర్వాతి లాటులో గ్రెయిన్ మారితే మాత్రం ఈ అంకెలన్నీ చెల్లవు.

రాత్రిషిఫ్టు · మంగళవారం మధ్యాహ్నం 1:15

నా 220 సలహా వెనక్కి తీసుకుంటున్నాను 🙏 నిన్న రాత్రి నేను అలా కొట్టిన పాత కార్డు ఒకటి తీసి గోరుతో గీకి చూశాను. మూల నుంచి నలుపు లేచొచ్చింది.

కొత్త మెషీన్లలో ఇదంతా ఆటోమేటిక్ కదా అసలు? మనం సూదులు గుచ్చుకోవడం ఏంటి?

సర్వీసుబ్యాగు · మంగళవారం మధ్యాహ్నం 1:40

ఉన్నాయి. కోనికా మినోల్టా ఐక్యూ-501 లాంటి యూనిట్లు నడుస్తుండగానే ముందూ వెనకా చదివి సరిచేస్తాయి. జిరాక్స్ వర్సంట్‌లో టెస్టు షీట్లు కొట్టి స్కానర్ మీద పెడితే అదే కొలిచి ప్రొఫైల్ రాసుకుంటుంది. వాడండి, సూది కన్నా చాలా నయం. కానీ కొలిచేది అచ్చయిన షీటునే. మెల్లగా జరిగే తేడాను అది పట్టుకుని దిద్దగలదు. 12వ షీటు దగ్గర కాగితమే ఒక మిల్లీమీటరు పొట్టిదైతే, ఆ షీటు పాడయ్యాకే దానికీ తెలుస్తుంది. ఇక రెండు లాట్లు కలగలిసి ఉంటే దానికీ పదకొండుసార్లు జరిపే గతే.

ఇంకుచుక్క · మంగళవారం సాయంత్రం 6:30

అప్‌డేట్. రెండు కట్టల్నీ 452×300 చేశాను. ట్రేలో కస్టమ్ సైజు అదే పెట్టాను (మొదట మర్చిపోయి 12×18 మీదే వదిలేశాను, ఆ పది షీట్లూ చెత్తబుట్టలోకి). వెనక పేజీ 99.85, తర్వాత జరపడం ఒకే ఒక్కసారి.

మళ్లీ 30 షీట్లు, మళ్లీ సూది. గెంతు మాయం. మూలల మధ్య తేడా 0.1 లోపు. నిన్నటితో పోలిస్తే స్వర్గం.

కానీ 30 లో రెండు షీట్లు, 9వదీ 23వదీ, పక్కకు వాలి ఉన్నాయి. ఒక మూల 0.2, ఎదుటి మూల దాదాపు 1. మిగతావి బాగున్నాయి. ఇది కాగితం కాదు కదా?

సర్వీసుబ్యాగు · మంగళవారం సాయంత్రం 7:05

కాగితం కాదు, పట్టు. షీటు ప్రింట్ దగ్గరకు వెళ్లే ముందు ఆగి ఉన్న రిజిస్ట్రేషన్ రోలర్లకు వచ్చి ఆనుతుంది. వెనక నుంచి ఇంకాస్త తోస్తే షీటు చిన్న ఉబ్బులా వంగి, ముందు అంచు రోలర్లకు సమంగా అతుక్కుంటుంది. వంకర పోయేది ఆ క్షణంలోనే. పల్చటి కాగితం ఇట్టే ఉబ్బుతుంది. 350 కార్డు మొండిది, వంగనంటుంది. తోసే రోలర్ల మీద దుమ్ముంటే జారుతుంది, ఉబ్బు సరిగ్గా రాదు, షీటు వంకరగానే లోపలికి పోతుంది. అందుకే అప్పుడప్పుడూ ఒకటి.

ముందు ట్రే గైడ్లు చూడండి. షీటుకు తాకాలి, నొక్కకూడదు. తర్వాత ఫీడ్ రోలర్లూ రిజిస్ట్రేషన్ రోలర్లూ తుడవండి. పీచు రాలని గుడ్డ, నీటితో కాస్త తడిపి గట్టిగా పిండి. స్పిరిట్ వాడొచ్చా అన్నది మీ మెషీన్ మాన్యువల్ చూసే నిర్ణయించండి, కొన్ని రబ్బర్లు దానికి గట్టిపడతాయి. మెషీన్ ఆఫ్ చేసి, ఫ్యూజర్ జోలికి పోకుండా. అప్పటికీ పోకపోతే ఉబ్బు ఎంత రావాలో పెంచే అంకె ఒకటి ఉంటుంది. చాలా మెషీన్లలో అది సర్వీసు మోడ్‌లో ఉంటుంది, మీ ఇంజనీర్‌నే అడగండి.

ఇంకుచుక్క · మంగళవారం రాత్రి 8:20

గుడ్డ ఫొటో పెట్టాలనిపించింది కానీ సిగ్గేసింది. నల్లటి రోలర్ మీద గుడ్డ ఒక చుట్టు తిప్పితే తెల్లగా పిండి పూసినట్టు వచ్చింది. కోటింగు పొడి, కట్ చేసిన అంచుల దుమ్ము. మూడు గుడ్డలు మార్చాను, నాలుగోది శుభ్రంగా వచ్చింది.

కట్టల్ని ట్రేలో పెట్టేముందు అంచులు కూడా దులిపాను. ఇప్పుడు 40 షీట్లలో ఒక్కటీ వాలలేదు. ఎటు చూసినా 0.2, ఎక్కడో ఒకచోట 0.3.

ఈ రాత్రికి పూర్తి రన్ వదిలేస్తాను. కట్టింగ్ గురించి ఏమైనా చెప్తారా బాబాయ్? ఎప్పట్లాగే ముందు బోర్డర్ చూసి కొట్టడమేనా?

కత్తెరబాబాయ్ · మంగళవారం రాత్రి 8:45

ముందు బోర్డర్ చూసి కొడితే ముందు వైపు పర్ఫెక్టు, తప్పంతా వెనక వైపు కుప్ప. పంచు. వెనక పేజీ సగటున 0.2 పైకి ఉంటే కత్తిని 0.1 పైకి జరుపు. రెండు వైపులా 0.1 చొప్పున పోతుంది, ఎవడూ కనిపెట్టలేడు.

గేజ్‌కు ఆనించే మూల ప్రతిసారీ ఒకటే ఉండాలి. ఆ మూలలో చిన్న నల్ల త్రికోణం ప్రింట్‌లోనే పెట్టుకో, కట్ట పక్క నుంచి చూస్తే నల్ల గీతలా కనిపిస్తుంది. వెంటనే కొట్టకు, షీట్లు చల్లారనియ్. వేడి మీద ఉన్న కార్డు వంపు తిరిగి ఉంటుంది, క్లాంపు (కట్టను కదలకుండా నొక్కి పట్టేది) నొక్కితే సాగి, వదిలాక వెనక్కు వస్తుంది. క్లాంపు కింద ఒక రద్దు కార్డు వెయ్యి, లేకపోతే నిండు రంగుల మీద మచ్చ పడుతుంది.

గీతలమ్మాయి · మంగళవారం రాత్రి 9:02

మధ్యలో ఒక మాట. ట్రిమ్ చేసిన కట్టల్ని రాత్రి విప్పి ఉంచకండి. ఒకసారి మా దగ్గర అలా వదిలేస్తే పొద్దునకు అంచులు అలల్లా లేచి ఉన్నాయి. అంచులు మాత్రమే తేమ పీల్చాయట, మధ్యది పొడిగానే ఉంది.

పాతగ్రిప్పర్ · మంగళవారం రాత్రి 9:10

నిజం. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే కాగితానికి సుఖం. కొత్త ప్యాకెట్ వచ్చినా రేపరు విప్పకుండా మెషీన్ గదిలోనే ఒక రోజు ఉంచి, వాడే ముందు విప్పాలి. ఎంత పెద్ద కట్టయితే గది వేడికి అలవాటు పడటానికి అంత సమయం పడుతుంది.

ఇంకుచుక్క · బుధవారం మధ్యాహ్నం 3:50

అయింది! 220 షీట్లు కొట్టాను, 9 తీసేశాను. అందులో రెండు వాలినవి, మిగతావి రంగు మచ్చలు. కార్డులు డబ్బాల్లోకి వెళ్లిపోయాయి. కస్టమర్ ఒక కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ ఫోన్ నంబరు కాస్త పెద్దది చేసుండాల్సింది" అన్నారు. బోర్డర్ ఊసే లేదు.

ప్రొఫైల్‌కు కాగితం పేరు, గ్రెయిన్ 12 వైపు, 452×300, ఆటో, 99.85 అని పొడవాటి పేరు పెట్టి దాచాను.

కొత్తచెయ్యి · శుక్రవారం ఉదయం 11:20

ఇదే చోట అడగొచ్చా? మా మెషీన్ 300 దాకానే ఆటో డ్యూప్లెక్స్ చేస్తుంది. 350 అయితే చేత్తో తిప్పి మళ్లీ పెట్టాలి. పాతగ్రిప్పర్ గారు చెప్పిన రెండు పద్ధతుల్లో ఏది మేలు?

పాతగ్రిప్పర్ · శుక్రవారం మధ్యాహ్నం 12:05

చేత్తో తిప్పడం శాపం అనుకుంటారు కానీ అందులో ఒక వరం ఉంది. ఎటు తిప్పాలో నీ ఇష్టం. ముందు వెళ్లిన అంచే మళ్లీ ముందు వెళ్లేలా, పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పు. అప్పుడు షీటు పొడవులో తేడా ఉన్నా నీకు పట్టదు, రెండు బొమ్మలూ ఒకే అంచు నుంచి కొలుచుకుంటాయి. బదులుగా పక్క అంచు మారుతుంది, కాబట్టి వెడల్పు కచ్చితంగా ఉండాలి. కట్ చేసిన 12 వైపు సాధారణంగా బాగానే ఉంటుంది, పైన బాబాయ్ చెప్పాడుగా. ముందు పేజీలు కొట్టిన వెంటనే వెనకవీ కొట్టెయ్, రేపటికి వాయిదా వెయ్యకు.

కొత్తచెయ్యి · శుక్రవారం మధ్యాహ్నం 2:30

మీరు చెప్పినట్టే తిప్పాను. ముందూ వెనకా రిజిస్ట్రేషన్ అద్భుతంగా కలిసింది సార్. కానీ వెనక వైపు మొత్తం తలకిందులుగా వచ్చింది 😅

పాతగ్రిప్పర్ · శుక్రవారం మధ్యాహ్నం 2:34

ఆటో డ్యూప్లెక్స్ కోసం పేర్చిన ఫైలే వాడినట్టున్నావు. వెనక షీటు మొత్తాన్ని 180 డిగ్రీలు తిప్పి పంపు. ముందు ఒక్క షీటు కొట్టి చూసుకో బాబూ, 200 కాదు.